జల్లించనక్కర్లేని బూడిద

మా ఆయన రిటైరై చాలాకాలమైనా మా ఇంటికి లోడింగ్ రికార్డు మిఠాయి రావడం మాత్రం ఆగలేదు. బిలాస్‌పూర్ రైల్వే వాళ్లకి ఇదో ముచ్చట. బొగ్గు వ్యాగన్లు ఎప్పుడూ లేనంతగా కదిలాయంటే ఆఫీసుల్లో మిఠాయి డబ్బాలు పంచుకుంటారు. మా ఆయన కంట్రోల్ ఆఫీసులో కూర్చుని గూడ్సు బళ్లు నడిపించిన మనిషి. ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు మర్చిపోకుండా ఓ డబ్బా పట్టుకొస్తారు. అది అందుకునేటప్పుడు ఆయన ముఖం చూడాలి, ఇంట్లో ఎవరికో మనవడు పుట్టినంత సంబరం. నేను ఆ మిఠాయి ముట్టను. షుగరుందని చెప్పి తప్పించుకుంటాను. షుగరూ లేదు, పాడూ లేదు. ఒళ్లు మంట.

ఆ మంటకి కారణం దేశం కాదు, రైల్వే కాదు. పేపర్లో రాసేవాళ్లయితే అలాగే మొదలుపెడతారు. నాకు కారణం మా అత్తగారి ఊపిరి. ఆవిడ ఊపిరి తీసుకోలేకపోవడానికి కారణం మా ఇల్లు, మా ఇంటికి కారణం మా మరిది, వీళ్లందరినీ ఒక మాట మీద నిలబెట్టినావిడ మళ్లీ మా అత్తగారే. అందుకే ఈ కథలో నేను ఎవరినీ వదిలిపెట్టదలచుకోలేదు.

నేను పార్వతీపురం వైపు నుంచి కోడలిగా ఈ ఊరొచ్చాను. మా అత్తవారు అంతకు ముందు తరంలోనే శ్రీకాకుళం నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. ఇంట్లో ఇప్పటికీ అక్కడి మాటే, మధ్యమధ్య హిందీ. మామగారు స్టీమ్ ఇంజన్ల షెడ్‌లో పనిచేసేవారు. షెడ్ వెనక, ఇంజన్ పొయ్యిల్లోంచి లాగేసిన సిండరు గుట్టలుగా పడి ఉండేదట. సిండరంటే సగం కాలిన బొగ్గు పెళ్లలూ, వాటితో కలిసిన బూడిదా. క్వార్టర్ల ఆడవాళ్లు దాన్ని తట్టలకెత్తి తెచ్చి వాకిట్లో పోసుకునేవారు. వానాకాలం నీళ్లు ఇట్టే ఇంకిపోయేవి, కాళ్లకి బురద అంటేది కాదు. పెళ్లలు వాకిట్లో ఉంచి, కొంత జల్లెడ పట్టి, కిందికి దిగిన బూడిదని డబ్బాల్లో దాచుకునేవారు. అంట్లకి అదే, బీరపాదు ఆకుల మీద పురుగు పట్టకుండా చల్లడానికి అదే, సొరగింజలు మరుసటేడాదికి దాచేటప్పుడు పొర్లించడానికీ అదే.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు నాకు నేర్పిన మొదటి పని వంట కాదు, బూడిద జల్లించడం. ముక్కుకి కొంగు కట్టుకోమనేవారు కూడా కాదు. సబ్బుతో తోమిన గిన్నెలో పప్పు వండితే ఆవిడ ఒక ముద్ద తిని పక్కన పెట్టేసేవారు. స్టీము పోయి డీజిలొచ్చింది, డీజిలు పోయి కరెంటొచ్చింది, ఆవిడ మాత్రం టిఫిన్ హోటలు బొగ్గుపొయ్యి బూడిద అడిగి తెప్పించుకునేవారు. డాక్టరిచ్చిన మాత్ర మీద లేని గురి ఆవిడకి బూడిద మీద ఉండేది. అప్పట్లో నాకది నవ్వులాటగానే ఉండేది, ఎవరొచ్చినా చెప్పి నవ్వుకునేదాన్ని.

మా ఆయన రిటైర్మెంటు దగ్గరపడి క్వార్టరు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. అర్పా నది అవతల, రాజ్‌కిశోర్ నగర్ కూడా దాటాక ఒక ప్లాటు కొన్నాం. నిన్నమొన్నటి దాకా వరిమడి. రోడ్డు మీద నిలబడి చూస్తే ప్లాటు పాతాళంలో ఉన్నట్టుండేది. మెరక చేస్తేగాని పునాది లేవదు. మురం పోయిద్దామన్నాను నేను. మురం అంటే ఇక్కడి ఎర్ర కంకర మట్టి. ఖర్చవుతుంది, కాని మట్టి మట్టే కదా. మా ఆయన సరేనన్నారు. సరేనన్న మనిషి మా మరిది వచ్చి వెళ్లేసరికి మారిపోయారు.

మా మరిదికి రైల్వే ఉద్యోగం రాలేదు. దాని గురించి ఒకప్పుడు చాలా బాధపడ్డాడు, ఇప్పుడు మమ్మల్ని చూసి జాలిపడతాడు. అతనికి టిప్పర్లున్నాయి. చుట్టుపక్కల కరెంటు ప్లాంట్లలో బొగ్గు కాలిపోగా మిగిలిన బూడిదని ఇక్కడ రాఖడ్ అంటారు. దాన్ని వదిలించుకోవడం ప్లాంట్లకి పెద్ద తలనొప్పి. గుంటలు తవ్వి నింపుతారు, గుంటలు నిండాక రోడ్ల కింద వేస్తారు, ఇటుకల్లో కలుపుతారు, అప్పటికీ మిగిలితే పల్లం ఉన్నవాడు ఎవడడిగినా పోస్తారు. ఎత్తి పారబోసినందుకు మా మరిదికి ప్లాంటు వాళ్లిస్తారు. పోయించుకున్నవాడికి పైసా ఖర్చు లేదు. లోకంలో ఇంత తేలికైన వ్యాపారం ఇంకోటి ఉండదు. చెత్త ఒక గుమ్మంలోంచి తీసి ఇంకో గుమ్మంలో పోస్తే ఇద్దరూ దండం పెడతారు.

అతను క్వార్టరు మెట్ల మీద కూర్చుని, అన్నయ్య ప్లాటు మొత్తం తనే నింపిస్తానన్నాడు. నాకు అతని టిప్పర్లు తెలుసు. అవి వెళ్లే రోడ్డు మీద వెనకాల స్కూటరు మీద వెళ్లినవాళ్లు ఇంటికి చేరేసరికి కనుబొమలు నెరిసిపోయి ఉంటారు. వద్దన్నాను. ఎందుకొద్దో సరిగా చెప్పలేకపోయాను. ఇది షెడ్ సిండరు కాదు, వేరు అన్నాను. ఎలా వేరని అడిగాడు. మరిది నవ్వాడు. వదినకి ప్రతిదాని మీదా అనుమానమేనన్నాడు. ఇంట్లో ఓ ఆడదాని మాట కొట్టెయ్యడానికి అంతకన్నా పెద్ద వాదన అక్కర్లేదు.

అప్పుడు అత్తగారు లోపలినుంచి వచ్చి తీర్పు చెప్పారు.

"బూడిదే కదేటి. ఈ క్వార్టరు బూడిద మీద కాదేటి ఉన్నాది? నాను నలుగురు పిల్లల్ని బూడిద మీదే పెంచినాను. పోయించీరా."

 ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. ఆ వాకిట్లోనే నా పిల్లలూ పాకారు. ఇది మా వాళ్లు మాత్రమే చెయ్యగలిగిన పొరపాటు. వేరే ఊరివాళ్లయితే బూడిద అనగానే ముఖం తిప్పుకునేవారు. షెడ్ నీడన బతికినవాళ్లకి బూడిదంటే చుట్టం. చుట్టమని పిలిచి లోపల కూర్చోబెట్టుకున్నాం.

టిప్పర్లు వరసగా వచ్చి పోశాయి. తడిగా ఉన్నప్పుడు సిమెంటు ముద్దలా ఉన్నది, ఎండేసరికి గోధుమపిండి అయిపోయింది. అడుగు వేస్తే చీలమండ దాకా దిగేది. అత్తగారు చూడాలని పట్టుబడితే ఆటోలో తీసుకెళ్లాం. ఆవిడ గట్టున కూర్చుని, గుప్పెడు తీసి, వేళ్ల మధ్య నుంచి జారనిచ్చారు. ఆ వయసులో ఆవిడ ముఖంలో అంత ఆనందం నేను చూడలేదు. ఓలమ్మ, ఇది జల్లించక్కర్నేదే, పిండినాగున్నాది అన్నారు. ఆవిడకి అది దొరకని వరం. జీవితమంతా జల్లెడ పట్టి ఏరుకున్న మెత్తదనం ఊరంత పరిచి ఉంది. అక్కడికక్కడే ఒక గోనెసంచి నింపించి ఆటోలో కాళ్ల దగ్గర పెట్టుకుని క్వార్టరుకి తెచ్చుకున్నారు. ఆ మెత్తదనమే ప్రమాదమని, పెళ్ల వాకిట్లో పడుంటుంది గాని పిండి ఎగిరి ఊపిరితిత్తుల్లో కూర్చుంటుందని నాకు తర్వాత తెలిసింది. తెలిసినా చేసేదేముంది, అప్పటికి ఇల్లు లేచిపోయింది.

బూడిద మీద పలచగా మట్టి పరిచారు. మొదటి వానాకాలానికే అది చాలామటుకు కొట్టుకుపోయింది. ఎండాకాలం వడగాలి మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. గచ్చు తుడిచి బక్కెట్టు పెట్టి వచ్చేలోపు మళ్లీ పొర. కిటికీ మూసినా, తలుపు కింద గుడ్డ పెట్టినా, మంచం దుప్పటి మీద, దేవుడి పటం అద్దం మీద, బియ్యం డబ్బా మూత మీద. మా ఆయన బాత్రూము నుంచి తడికాళ్లతో వస్తే ఎటు వెళ్లారో అడగక్కర్లేదు, అడుగులు చెప్పేవి. మా ఆయన దాన్ని దుమ్ము అనేవారు. ప్లాంటు బూడిద అని ఒక్కసారి కూడా అనలేదు. దుమ్ముకైతే ఎవరిదీ బాధ్యత ఉండదు కదా.

అత్తగారు మాత్రం పెరట్లో రాజ్యం చేశారు. ఇత్తడి బిందెలు, కంచు గ్లాసులు వేసుకుని, చింతపండూ బూడిదా కలిపి ధగధగలాడేలా తోమేవారు. బీరపాదు పెట్టి ఆకుల మీద చల్లారు. పాత బూడిద అయితే నాలుగు చినుకులకి రాలిపోయేది. ఇది మంచుకి తడిసి, ఎండకి గట్టిపడి ఆకుల మీద పూతలా అంటుకుపోయింది. పాదు పూత పట్టకముందే మాడిపోయింది. గింజ మంచిది కాదన్నారు ఆవిడ. చేతులు పగిలి మంట పుడితే చింతపండు పులుపన్నారు. దగ్గు మొదలైతే సీజనన్నారు. బూడిదని మాత్రం ఒక్క మాట అననివ్వలేదు.

దగ్గు సీజనుతో పోలేదు. మెట్టెక్కితే ఆయాసం, మాట్లాడితే ఆయాసం, చివరికి ఊరికే కూర్చున్నా పిల్లికూతలు. డాక్టరు ఎక్స్‌రే తీయించి చూశాడు. చాలా ఏళ్లు కట్టెల పొగలోనూ బొగ్గు పొగలోనూ వంట చేసినావిడ కాబట్టి ఛాతీ అప్పటికే నలిగి ఉందని, దాని మీద ఇప్పుడీ సన్నటి దుమ్ము పడుతోందని, ముందు ఆవిడని ఆ దుమ్ముకి దూరం చెయ్యండని చెప్పాడు. మా ఆయనకి మొదటి సగమే వినిపించింది. ఆటోలో కూర్చున్న దగ్గర్నుంచీ, చూశావా, పాత పొగట అంటూ వచ్చారు. రెండో సగం నేను గుర్తుచేస్తే హారన్ల మోతలో వినపడనట్టు నటించారు. ఆ మనిషితో ఇన్నేళ్లు కాపురం చేశాను. అంత కోపం ఎప్పుడూ రాలేదు.

ఇంటికి వచ్చి ఆవిడ గోనెసంచి మున్సిపాలిటీ బండిలో పారేశాను. మర్నాడు ఆవిడ గరిటె పట్టుకుని పెరట్లో గీకి డబ్బా నింపుకున్నారు. డబ్బా లాక్కుంటే అన్నం మానేశారు. డెబ్బైలు ఎప్పుడో దాటిన మనిషితో బూడిద డబ్బా కోసం పెనుగులాడాను నేను. నవ్వొచ్చే దృశ్యమే, కాని ఆ పూట మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ఆ వారంలోనే మళ్లీ మిఠాయి డబ్బా వచ్చింది. మా ఆయన ఒకటి తీసి అమ్మ నోట్లో పెట్టబోతే ఆవిడ దగ్గుతో మింగలేక ఉమ్మేశారు. నేను నోరు చేసుకున్నాను. ఆ వ్యాగన్లలో వెళ్లిందే ఈ గచ్చు మీద కూర్చుందని, దానికి మిఠాయి ఏమిటని అడిగాను. ఆయన అరవలేదు. ఈ ఇంట్లో తిన్న ప్రతి మెతుకూ, పిల్లల ఫీజులూ, నెలనెలా వచ్చే పెన్షనూ ఆ బళ్లు పెట్టినవేనని నెమ్మదిగా అన్నారు. అది నిజం. నిజం కాబట్టి నాకు ఇంకా ఒళ్లు మండింది. అన్నం పెట్టినదాన్ని తిట్టకూడదంటే, అన్నం తిన్నవాళ్లు దగ్గకూడదా?

మా మరిది దుర్మార్గుడైతే నాకు తేలికయ్యేది. తల్లికి బాగోలేదని తెలిసి, ఆవిరి మందు పీల్చుకునే మిషను, మాస్కులు, మందులు అన్నీ కొని తెచ్చాడు. మంచం పక్కన తనే కూర్చుని మాస్కు పెట్టాడు. ఆవిడ జుట్టు వెనక్కి సర్దాడు. ఆ మిషను ఏ డబ్బుతో వచ్చిందో మా ఇద్దరికీ తెలుసు. నేను ఇంక ఊరుకోలేక, మీ అమ్మని ఈ స్థితికి తెచ్చింది నీ రాఖడేనన్నాను. అతనికి కోపం రాలేదు, ఓపిగ్గా నాకు పాఠం చెప్పబోయాడు. కాంట్రాక్టర్ల మీటింగులో ఎవరో చెప్పగా విన్నాడట. హిందీ పేపరు అంచు మీద పెన్నుతో ఒక కొండ గీశాడు.

"సూడు వదినా. దేశం ఎదిగినప్పుడు మొదట్ల మురికి పెరుగుతాది, ఇలాగ. అన్ని దేశాలూ అలాగే ఎదిగినాయి. బాగా డబ్బులొచ్చినాక శుభ్రం సేసుకుంతారు, అప్పుడు ఇలాగ దిగిపోతాది. అచ్ఛా, మనం ఇంకా ఎక్కతన్నాం, అంతే."

నేను ఆ కొండ కేసి చూశాను. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు గీసినదే అయ్యుంటుంది, గీత నున్నగా ఉంది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకళ్లేనన్నట్టుంది. ఎక్కేటప్పుడు దారిలో రాలిపోయేవాళ్లకి ఆ పేపరు మీద చోటు లేదు. మంచం మీద మిషను గుర్రుమంటోంది, మాస్కులోంచి తెల్లటి ఆవిరి వస్తోంది.

"మీ అమ్మ ఈ కొండకి ఎటేపున్నాది?" అన్నాను.

అతను పెన్ను క్యాపు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నువ్వు ప్రతిదీ ఇంట్లోకి తెస్తావు వదినా అన్నాడు. నేను తేలేదు, నీ టిప్పర్లు తెచ్చినాయన్నాను. ఆ తర్వాత చాలా రోజులు అతను తల్లిని చూడడానికి నేను బజారుకి వెళ్లిన వేళ చూసుకుని వచ్చేవాడు.

మాటలతో అయ్యేది కాదని కూలీలని పిలిచి పెరడు తవ్వించడం మొదలుపెట్టాను. అత్తగారు అంట్లు తోముకునే చోటు నుంచి మొదలు. పలచటి మట్టి కింద నుంచి బూడిద, బూడిద కింద బూడిద. మోకాళ్ల లోతు పోయింది, నడుము లోతు పోయింది, పాత మడి నల్లమట్టి తగల్లేదు. తీసి పోసిన గుట్ట గాలికి లేచి ఇంట్లోకి ఇంకా ఎక్కువ వచ్చింది. పక్కింటివాళ్లు గోడ మీంచి తిట్టారు. వాళ్ల ప్లాటూ అదే బూడిద మీద ఉంది, కాని గుట్ట మాది కాబట్టి దోషం మాది. చివరికి ఆ గుట్ట ఎత్తుకుపోవడానికి మా మరిది టిప్పరే కావాల్సి వచ్చింది. ఎక్కడ పోశావని అడిగితే మస్తూరీ వైపు ఎవరో పొలం పల్లంగా ఉందని అడిగారన్నాడు. 

తవ్వకం ఆపించింది మేస్త్రి. పెరడెంత తవ్వినా లాభం లేదమ్మా, గచ్చు కింద పునాది గోడల మధ్య నింపింది కూడా ఇదే కదా అన్నాడు. గచ్చు నెర్రెల్లోంచి సన్నగా పైకి వస్తున్నది అదేనని చూపించాడు. ఇంటి కిందది తియ్యాలంటే ఇల్లు తియ్యాలి. గొయ్యి గొయ్యిలాగే వదిలేశాం.

ఒక ఉదయం అత్తగారు బిందె తోముతూ తోముతూ పక్కకి ఒరిగిపోయారు. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి గండం గట్టెక్కించారు.  బయట బెంచీ మీద కూర్చుని మా ఆయన, ఇల్లు బేరం పెట్టేద్దాం అన్నారు. నేను గెలిచాను. గెలిచినందుకు సంతోషం ఏమీ కలగలేదు, ఇన్నాళ్లూ ఎందుకు పట్టిందని ఆయన్ని అక్కడే నిలదీయాలనిపించింది.

నెహ్రూ నగర్‌లో ఒక ఫ్లాటు చూసుకున్నాం, పై అంతస్తు. కిటికీ తీస్తే చెట్ల తలలు కనిపిస్తాయి, నేల కనిపించదు. ఆవిడ ఊపిరికి అది చాలు. అయితే ఈ ఇల్లు అమ్ముడైతేనే అది మా చేతికొస్తుంది, అది కూడా వడగాలి రాకముందే కావాలి. ఇంకో ఎండాకాలం ఆవిడ ఇక్కడ తట్టుకోలేరని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. అన్నదమ్ములిద్దరూ ఒక్కటై నాకు చెప్పిందేమిటంటే, చూడ్డానికి వచ్చినవాళ్లతో మెరక సంగతి ఎత్తొద్దని. ఎత్తితే ఎవడు కొంటాడన్నారు. వాళ్ల మాటలో న్యాయం లేదని కాదు. చెబితే ఇల్లు అమ్ముడవదు, ఆవిడ ఇక్కడే ఉండిపోతారు. చెప్పకపోతే ఇంకెవరి పిల్లో ఈ గచ్చు మీద పాకుతుంది. రాత్రీ పగలూ ఈ రెండిటి మధ్యా నలిగిపోయాను. నాకు ఈ పరీక్ష తెచ్చిపెట్టినందుకు ఇద్దరి మీదా మండిపడుతూనే ఉన్నాను.

మొదట వచ్చినవాళ్లు ఊరికి దూరమని వెళ్లిపోయారు. తర్వాత ఒక కుర్ర జంట వచ్చింది. అబ్బాయి మన తెలుగువాడే. వాళ్ల తాతగారూ మా మామగారి షెడ్‌లోనే చేశారట. తెలుగు చదవడం రాదుగాని, మాట మాత్రం మా అత్తగారి మాటే, సగం హిందీతో కలిపి. బొగ్గు గూడ్సులకి అసిస్టెంట్ లోకో పైలట్. భార్య ఇక్కడి ఛత్తీస్‌గఢ్ పిల్ల. చంకలో నెలల పాప. మేం కాఫీ తాగుతుంటే ఆ అమ్మాయి పాపని కింద దింపింది. పాప గచ్చు మీద చేతులాన్చి పాకుతూ నా కాళ్ల దగ్గరికి వచ్చి, లేవడానికి నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది. ఆకుపచ్చ చీర మీద చిన్న వేళ్ల గుర్తులు బూడిద రంగులో పడ్డాయి.

ఇంక నా వల్ల కాలేదు. చెప్పేశాను. ఇంటి కిందున్నదంతా రాఖడని, తుడిచినకొద్దీ వస్తుందని, లోపల మంచం మీద దగ్గుతున్న మా అత్తగారు అందువల్లే దగ్గుతున్నారని, చంటిపిల్లతో ఈ ఇల్లు తీసుకోవద్దని చెప్పాను. మా ఆయన నా కేసి చూసిన చూపుకి గ్లాసు పగలాలి. మంచినీళ్లు తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు, తిరిగి రాలేదు.

ఆ అబ్బాయి కాఫీ గ్లాసు పూర్తిచేసి కింద పెట్టాడు.

"గేటు కాడే తెలిసిపోనాది ఆంటీ. ఈ ఏరియాలో ఎవులి ఇంటికింద నేదు? అందుకే కదా రేటు తక్కువ."

వాళ్లకి క్వార్టరు ఇంకా రాలేదట. బొగ్గు వ్యాగన్లు నింపే సైడింగ్ గోడకి ఆనుకుని ఒక గదిలో అద్దెకుంటున్నారు. మిషను బొగ్గు ఎత్తి వ్యాగన్లో పోసినప్పుడల్లా గది చీకటవుతుందట. పాప ముక్కు తుడిస్తే గుడ్డ నల్లబడుతుందని ఆ అమ్మాయి హిందీలో చెప్పింది, పాలు పట్టేటప్పుడు కూడా తువ్వాలు కప్పుకుంటానంది. ఆమె ఏడవలేదు, ఫిర్యాదు కూడా చెయ్యలేదు. కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆ బొగ్గు బళ్లే తను నడుపుతానని, ఓవర్‌టైమ్ బాగానే ఉందని, ఆ డబ్బు పోగుచేసే ఈ ఇంటికి వచ్చామని అబ్బాయి అన్నాడు. అక్కడ నల్లగా వస్తాది, ఇక్కడ తెల్లగా వస్తాది, ఇదే కాస్త నయం ఆంటీ అన్నాడు.

ఇల్లంతా తిరిగి చూశారు. వెనకాల నేను తవ్వించిన గొయ్యి దగ్గర ఇద్దరూ నిలబడి ఏదో మాట్లాడుకున్నారు. గురువారం మంచిరోజు, బయానా డబ్బు తెస్తామన్నారు. గుమ్మం దాకా వెళ్లి ఆ అబ్బాయి మొహమాటంగా వెనక్కి తిరిగాడు.

"ఎనకాల గొయ్యొకటి ఉన్నాది కదా ఆంటీ. పాప పడిపోతాదేమోనని బయం. మీ మరిదిగారికి టిప్పర్లున్నాయంట. రెండు లోడ్లు రాఖడ్ ఏయించి పూడిపించగలరేటి?"

ఇన్నాళ్లూ నా కోపానికి ఒక గురి ఉండేది. మరిది మీదో, మా ఆయన మీదో, ఆ కొండ గీత మీదో పెట్టి తిట్టుకునేదాన్ని. ఆ అబ్బాయి ముఖం చూస్తే ఎవరిని తిట్టాలో నాకు తెలియలేదు. అతను తన పిల్ల కోసమే అడుగుతున్నాడు. వద్దనడానికి నోరు తెరిచాను. మాటకన్నా ముందు నాకూ దగ్గొచ్చింది.

లోపల మంచం మీంచి అత్తగారి గొంతు వినిపించింది. మాస్కు పక్కకి లాక్కుని, ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ అంటున్నారు.

"మా సిన్నోడికి నాను సెప్తాను నాయినా. రెండేటి, నాలుగు పంపుతాడు."

ఆ అబ్బాయి చెప్పులు విడిచి లోపలికి వెళ్లి ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాడు.